ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఒక పని మాత్రం శ్రద్ధగా చేస్తాం. ఏదైనా పగిలితే, నాలుగు రోజుల్లో కూర్చుని ఆర్‌సీఏ రాస్తాం. ఎందుకు పగిలింది, ఎప్పుడు తెలిసింది, మళ్ళీ పగలకుండా ఏం చేస్తాం... ఇలా. దాదాపు ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నేను రాసినవి తక్కువేం కాదు. కానీ నా మొట్టమొదటి ప్రొడక్షన్ సిస్టమ్‌కి (అవును, అది ప్రొడక్షనే, రైతులు లైన్లో నిలబడేవాళ్ళు) రాయాల్సిన ఆర్‌సీఏ రాయకుండా వదిలేశాను. ఇది అదనుకోండి. టెంప్లేట్ మాత్రం అడక్కండి.

మాది నిర్మల్. బొమ్మల నిర్మలే. ఆఫీసులో ఎవరికి చెప్పినా "ఓ, టాయ్స్!" అంటారు, అక్కడితో సంభాషణ అయిపోతుంది. 2016 అక్టోబర్‌లో జిల్లా అయింది గానీ, నేను చెప్పే రోజుల్లో ఇంకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. అక్కడ మా మేనమామకి ఎరువులు, విత్తనాల దుకాణం. 2005 వేసవిలో డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్నప్పుడు, మామ కార్బన్ పేపర్లు మార్చుకుంటూ బిల్లులు రాయడం చూసి "నేను ప్రోగ్రామ్ రాసిస్తా మామా" అన్నాను. వీబీ 6, వెనక యాక్సెస్ డేటాబేసు, పక్కన గర్ గర్ మని అరిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. నా తొలి రిలీజు. టెస్టింగ్ టీమంటే మామే.

ఎరువుల దుకాణం బిల్లంటే సూపర్‌మార్కెట్ బిల్లు లాంటిది కాదు, ఇంటికెళ్ళాక నలిపి పారెయ్యడానికి. పత్తి గింజ మొలవకపోయినా, మొలిచి కాయ పట్టకపోయినా రైతు చేతిలో మిగిలేది ఆ కాగితమొక్కటే. దాని మీద లాట్ నంబరుండాలి, తారీఖుండాలి. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడే, నష్టపరిహారం కోసం ఫోరానికి వెళ్ళొచ్చు అని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చి చెప్పింది. అది మన రాష్ట్ర రైతుల కేసే. వెళ్ళొచ్చు సరే, బిల్లు మీద తారీఖు తప్పుంటే ఏం పట్టుకుని వెళ్తాడు? ఈ తారీఖు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

2010లో పాత ఎక్స్‌పీ డబ్బా పోయి విండోస్ 7 వచ్చింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో నాలుగేళ్ళ అనుభవమున్న ఇంజనీర్ని. సెక్యూరిటీ ట్రైనింగులు రెండు మూడు అయ్యాయి. "లీస్ట్ ప్రివిలేజ్" అన్న మాట నోట్లో నానుతోంది. అందుకని ఒక వారాంతం ఊరికొచ్చి రెండు అకౌంట్లు చేశాను. మామకి అడ్మినిస్ట్రేటర్, కౌంటర్లో కూర్చునే పిల్లగాడికి స్టాండర్డ్ యూజర్. ఎవరికెంత అవసరమో అంతే అధికారం. చాలా గర్వంగా అనిపించింది.

ఆ పిల్లగాడి పేరు రాయను. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళుంటాయి. పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. పొద్దున ఎనిమిదింటికి షట్టర్ తీసేది తనే, సాయంత్రం బస్తాలు లెక్కపెట్టేదీ తనే. మధ్యలో ఒక ఏడాది కంప్యూటర్ కోర్సు కూడా చేశాడు. నేనెప్పుడు ఊరికెళ్ళినా "అన్నా, ఇదెట్ల చేసిండ్రు, అదెట్ల చేసిండ్రు" అని వెంటపడేవాడు. నేను ఓపిగ్గా చెప్పిన రోజులు తక్కువ.

అకౌంట్లు చేసిన రెండో రోజే మామ ఫోను. "అల్లుడా, పొద్దుగాల పోరడు కొట్టిన బిల్లులు నాకు కనవడ్తలేవు."

ఎందుకో విండోస్ విస్టా రోజుల్లో పనిచేసినవాళ్ళకి వెంటనే వెలిగి ఉంటుంది. నా ప్రోగ్రామ్ డేటాబేసుని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లోనే పెట్టుకునేది. ఎక్స్‌పీలో అందరూ అడ్మినే కాబట్టి నడిచిపోయింది. విస్టా నుంచి అక్కడ రాయడానికి మామూలుగా అనుమతి ఉండదు. పాత ప్రోగ్రాములు అడ్డం పడకుండా విండోస్ ఒక తెలివైన పని చేస్తుంది. ఆ రాతల్ని చడీచప్పుడు లేకుండా ఒక్కో యూజర్ ప్రొఫైల్ లోపల వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్లోకి మళ్ళిస్తుంది. ప్రోగ్రామ్‌కి ఆ సంగతి తెలీదు. అంటే ఒకే దుకాణంలో మామకో డేటాబేసు, పిల్లగాడికో డేటాబేసు! రెండూ కలపడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

సరైన మందు ఏమిటో నాకు తెలుసు. డేటాబేసుని వేరే ఫోల్డర్‌కి మార్చి, దాని మీద మాత్రమే రాసే అనుమతి ఇచ్చి, ప్రోగ్రామ్ ఉన్న చోటుని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. కోడ్‌లో పాత్ మార్చాలి, మళ్ళీ కంపైల్ చెయ్యాలి, ఒక పూట పని. నాకు మర్నాడు ఆఫీసుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్, అప్లై. పదిహేను సెకన్లు. పనిచేసింది.

లినక్స్ సోదరులు నవ్వక్కర్లేదు. మీ చ్‌మోడ్ 777 సంగతి మాకు తెలుసు :-) నాలుగు చదవడానికి, రెండు రాయడానికి, ఒకటి నడపడానికి. కలిపితే ఏడు. అది యజమానికి, గుంపుకి, దారినపోయే దానయ్యకి సమానంగా పంచడం. ఎర్రర్ పోయింది కదా, చాలు.

ఇప్పుడు అసలు తప్పు. ఆ ఫోల్డర్లో డేటాబేసొక్కటే లేదు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోల్డర్ మొత్తాన్నీ డీ డ్రైవ్‌లోకి కాపీ చేసే బ్యాకప్ బ్యాచ్ ఫైలు కూడా అక్కడే ఉంది. దాన్ని నడిపే షెడ్యూల్డ్ టాస్క్‌ని మామ అకౌంటు కింద పెడితే, ఆయన పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఆగిపోతుంది. అందుకని 'సిస్టమ్' అకౌంటు కింద పెట్టాను. విండోస్‌లో సిస్టమ్ అంటే అడ్మినిస్ట్రేటర్ కంటే ఒక మెట్టు పైనే.

ఐటీ కానివాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇలా ఊహించుకోండి. మండలాఫీసులో ఎమ్మార్వో గారు రోజూ సాయంత్రం ట్రేలో ఉన్న కాగితాలన్నిటి మీదా చదవకుండా సంతకాలు పెడతారు. ఆయన మంచివాడే, లంచం తీసుకోడు. సంతకం ఎవరూ ఫోర్జరీ చెయ్యరు. కాకపోతే ట్రే మాత్రం వరండాలో ఉంటుంది. పని మీద వచ్చినవాడెవడైనా తన కాగితం ఒకటి అందులో పెట్టి వెళ్ళొచ్చు. మర్నాటికి దాని మీద సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి. మన భాషలో దీన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటాం. వరండాలో ట్రే పెట్టింది నేను.

ఇక 2011. సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణిలో బొగ్గు ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి. మామ దుకాణంలో యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయి, దాని మీద అగరబత్తుల స్టాండు కూర్చుంది. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ళ బ్యాటరీ కూడా అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎఫ్1 నొక్కితే గానీ బూట్ కాదు, బూటయ్యాక తారీఖు చూస్తే 2009 జనవరి 1. దుకాణానికి నెట్ లేదు, టైము తనంతట తను సరిచేసుకునే దారి లేదు. స్టాండర్డ్ యూజర్‌కి తారీఖు మార్చే హక్కు విండోస్ ఇవ్వదు. ఆ హక్కున్న మామ పదకొండింటికి గానీ రాడు.

ఒకరోజు పిల్లగాడే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కరెంటు పోయినప్పుడల్ల తారీకు రెండువేల తొమ్మిదికి పోతాంది. నన్ను మార్చనిస్తలేదు. రైతులు ఊకుంటలేరు, గీ బిల్లు ఎవలికి చూపాలె అంటుండ్రు."

నేను మీటింగ్‌లో ఉన్నాను. "అది అడ్మిన్ పని తమ్మీ. మామ వచ్చినంక మారుస్తడు. బ్యాటరీ సంగతి పండక్కి వచ్చినప్పుడు చూస్తా" అని పెట్టేశాను. ముప్పై రూపాయల బ్యాటరీ.

ఆ ఏడాది దసరా అక్టోబర్ 6న వచ్చింది. ఆర్టీసీ బస్సులు సమ్మెలో ఉన్నాయి. నలుగురం కలిసి ఒకరి కార్లో బయల్దేరి, కామారెడ్డి, ఆర్మూరు మీదుగా సోన్ దగ్గర గోదావరి దాటేసరికి రాత్రయింది. మర్నాడు దుకాణానికెళ్తే మామ "డీఏపీ పద్నాలుగు బస్తాలు లెక్కకు వస్తలేవు, జర చూడు" అన్నాడు. లెక్కలు చూస్తూ చూస్తూ, ఎందుకో యూజర్ అకౌంట్లు తెరిచాను. అడ్మినిస్ట్రేటర్స్ గుంపులో రెండు పేర్లున్నాయి. మామది, పిల్లగాడిది.

నాకు ఒళ్ళు మండింది. నేను కష్టపడి కట్టిన గోడ కదా! ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4732 అని ఫిల్టర్ పెట్టాను. ఒక గుంపులో సభ్యుణ్ణి చేరిస్తే విండోస్ రాసుకునే నంబరు అది. దొరికింది. సెప్టెంబర్ చివర్లో ఒక రాత్రి, ఎనిమిదిన్నర దాటి కొన్ని సెకన్లు. చేరిన సభ్యుడు: పిల్లగాడు. నాకింకేం కావాలి. మామ పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక నుంచి చూసి ఉంటాడని తీర్మానించాను. లాగ్ మొత్తాన్నీ సేవ్ చేసి, ఫైలుకి "రుజువు" అని పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేశాను. మామకి చూపించాను. ఊరికే చూపించి ఊరుకున్నానా, ఐటీ చట్టం సెక్షన్ 66 కింద కేసు కూడా పెట్టొచ్చు తెలుసా అని చెప్పాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మామ పెద్దగా ఏం అనలేదు. "పండుగ కానియ్" అన్నాడు.

దసరా సాయంత్రం జమ్మి దగ్గర్నుంచి వచ్చి ఇంటి ముందు నిలబడ్డాం. పిల్లగాడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మామ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళు మొక్కాడు. తర్వాత నా దగ్గరికొచ్చి "అన్నా, బంగారం" అని నా చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చాడు. నేను తీసుకున్నాను. మర్నాడు పొద్దున ఏం జరగబోతోందో తెలిసీ తీసుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి షట్టర్ ముందే చెప్పేశాడు మామ. "రేపటికెల్లి రాకు." వాడు "ఏం చేసిన సేటు?" అని ఒక్కసారి అడిగాడు. "నీకెరుక లేదా" అన్నాడు మామ. వాడు నా వైపు చూశాడు. నేను ఫోన్‌లోకి చూశాను.

మా ఊళ్ళో "ఫలానా దుకాణంలకెల్లి తీసేసిండ్రట" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. పద్నాలుగు బస్తాల సంగతి కూడా ఎలాగో బయటికి వచ్చింది. ఆ బజార్లో వాడికి ఇంకో దుకాణంలో పని దొరకలేదని తర్వాతెప్పుడో విన్నాను. వినేసి మర్చిపోయాను.

(ఒక చిన్న ముక్క. తర్వాత వచ్చిన కుర్రాడు కూడా తారీఖు గురించి సతాయిస్తే, విసుగొచ్చిన మామ అడ్మిన్ పాస్‌వర్డ్‌ని ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అతికించాడు. నేను చూశాను. ఏమీ అనలేదు.)

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక నా వీబీ ప్రోగ్రామ్ ఇక పనికిరాలేదు. మామ కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. పాత డబ్బా అటకెక్కింది.

నాలుగేళ్ళు గడిచాయి. 2021 జులైలో నేను నిర్మల్లోనే ఉన్నాను, వర్క్ ఫ్రమ్ హోం పుణ్యమా అని. ఆ నెలలోనే మా ప్రొడక్ట్ మీద బయటి టెస్టర్లు ఒక రిపోర్టిచ్చారు. మా ఇన్‌స్టాలర్ సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసుకుంటుంది. అలా చేసిన ఫోల్డర్‌కి, మనం ప్రత్యేకంగా కట్టడి చెయ్యకపోతే, లాగిన్ అయిన ప్రతి యూజర్‌కీ మార్చే హక్కు వారసత్వంగా వచ్చేస్తుంది. మా సర్వీసు నడిచేది సిస్టమ్ కింద. ఎవరైనా ఆ ఎగ్జిక్యూటబుల్ ఫైలుని మార్చిపెట్టి మెషీన్ రీస్టార్ట్ చేస్తే చాలు. నేను కాల్‌లో గట్టిగా వాదించాను. "దీనికి ముందు ఆ మెషీన్‌లో లాగిన్ ఉండాలి కదా. లోపలి మనిషే కదా. లో సివియారిటీ పెట్టండి" అని.

ఆ వారమే, జులై 20న, మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని ఒప్పుకుంది. నంబరు సీవీఈ-2021-36934. జనం పెట్టుకున్న పేర్లు హైవ్‌నైట్‌మేర్, సీరియస్‌సామ్. జోనాస్ లిక్కెగార్డ్ అనే పరిశోధకుడు విండోస్ 11 ప్రివ్యూ చూస్తూ పట్టుకున్నాడు. పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు దాచే సామ్ ఫైలుని మామూలు యూజర్లు కూడా చదవొచ్చు! తీరా చూస్తే విండోస్ 10లోనూ అంతే, 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచీ. నడుస్తున్న విండోస్ ఆ ఫైలుని బిగించి పట్టుకుంటుంది కాబట్టి నేరుగా తెరవడం కుదరదు. కానీ రిస్టోర్ పాయింట్ కోసం దాచిన షాడో కాపీలో అదే ఫైలు అదే అనుమతులతో పడుంటుంది, దాన్ని పట్టుకునేవాళ్ళెవరూ ఉండరు. ఆ కాపీ నుంచి హ్యాష్‌లు తీసుకుని అడ్మిన్ అయిపోవచ్చు. కోడ్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో లేదు, క్రిప్టో విరగ్గొట్టింది లేదు. ఒక ఫైలు మీద "యూజర్స్ – రీడ్" అన్న ఒక్క వరుస ఎక్కువ. స్కోరు 7.8, అంటే హై. ఆగస్టు ప్యాచ్ వచ్చాక కూడా పాత షాడో కాపీల్ని మనమే చెరిపెయ్యాల్సి వచ్చింది.

ఇది ఒక్క మైక్రోసాఫ్ట్ జబ్బు కాదు. 2019 ఆగస్టులో స్టీమ్ క్లయింట్‌లో వాసిలీ క్రావెట్స్ చూపించింది ఇలాంటిదే. సిస్టమ్ కింద నడిచే సర్వీసు వాడే రిజిస్ట్రీ కీల మీద మామూలు యూజర్లకి పూర్తి అధికారం ఉంది. ఆ రిపోర్టుని మొదట "మా పరిధిలోకి రాదు" అని తిప్పి పంపారు. అలా పంపడం పొరపాటని వాల్వ్ తర్వాత ఒప్పుకుంది. "లోపలి మనిషే కదా" అన్న వాదన నా ఒక్కడిదే కాదన్నమాట.

యూనిక్స్ పెద్దలకి ఈ ప్రమాదం ముందే తెలుసు. వేరొకరి అధికారంతో ప్రోగ్రామ్ నడిపే సెట్‌యూఐడీ పద్ధతి మీద డెనిస్ రిచీ పేటెంటు 1979 నాటిది. ఈ రోజుకీ సెట్‌యూఐడీ ఉన్న ఫైల్లో మామూలు యూజర్ ఒక్క అక్షరం రాసినా లినక్స్ కెర్నల్ ఆ బిట్‌ని పీకేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఫైలు పర్మిషన్లు బారుగా తెరిచి ఉంటే "నేను వాడను పో" అని మొరాయించడం మనందరికీ అనుభవమే, విసుక్కోవడం కూడా. కానీ రూట్ క్రాన్‌లో పెట్టిన స్క్రిప్టు 777లో ఉన్నా క్రాన్ కిక్కురుమనదు. నడిపేస్తుంది. నా బ్యాకప్ ఫైలు లాగే.

సరే, జులై 21 రాత్రి. మా టీమ్ ల్యాప్‌టాప్‌ల మీద ఐకాకల్స్ కమాండ్ కొట్టి చూడమని నాకు పని పడింది. ముందు నా ల్యాప్‌టాప్ మీద కొట్టాను. సామ్ ఫైలు పేరు, దాని కింద "యూజర్స్", పక్కన చదివే హక్కు. ఎవరో దొంగతనంగా సంపాదించుకున్నది కాదది. ఇచ్చింది. ఆ వరుస చూస్తూ కూర్చుంటే ఎందుకో పదేళ్ళ కిందటి 4732 గుర్తొచ్చింది. ఆ ఎంట్రీలో రెండు భాగాలుంటాయి. ఎవరిని చేర్చారు, ఎవరు చేర్చారు. నేను మొదటిది చదివాను. రెండోది?

పొద్దున్నే అటక మీది డబ్బా దింపాను. దుమ్ము దులిపి ప్లగ్ పెడితే, ఆశ్చర్యం, ఎఫ్1 అడిగింది. నొక్కాను. బూటయింది. 2009 జనవరి 1. "రుజువు" ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంది.

4732. సభ్యుడు: పిల్లగాడు. సబ్జెక్ట్, అంటే చేర్చినవాడు: సిస్టమ్.

మామ పాస్‌వర్డ్ దొంగిలించి ఉంటే అక్కడ మామ పేరుండాలి. లేదు. ఆ వరుస అప్పుడు కూడా అక్కడే ఉంది, పై వరుసకి రెండంగుళాల ఎడంలో. నేను లాగ్ చదవలేదు. మనిషిని చూసి తీర్పు చెప్పి, లాగ్‌ని సాక్ష్యానికి పిలిచాను.

తర్వాత డీ డ్రైవ్‌లో బ్యాకప్‌లు. తారీఖు పేరుతో ఒక్కో ఫోల్డరు. ఆ రాత్రి ఫోల్డర్ తెరిచాను. బ్యాకప్ తనతో పాటు తననీ కాపీ చేసుకునేది కదా, బ్యాచ్ ఫైలు అందులో ఉంది. నేను రాసినవి ఆరు వరుసలు. అందులో ఏడు ఉన్నాయి. ఏడోది నెట్ లోకల్‌గ్రూప్ కమాండు, చివర వాడి పేరు. మర్నాటి ఫోల్డర్లో మళ్ళీ ఆరే.

అడ్మిన్ అయ్యాక ఏం చేశాడు? అదీ రుజువులోనే ఉంది. నేను అప్పుడు ఫిల్టర్ పెట్టింది ఒక్క 4732కి, సేవ్ చేసింది మాత్రం లాగ్ మొత్తాన్నీ. వాడి పేరు మీద వెతికితే వరసగా 4616లు వచ్చాయి. సిస్టమ్ టైము మార్చినప్పుడు పడే ఎంట్రీ అది. పాత టైము 2009 జనవరి 1, కొత్త టైము 2011 సెప్టెంబర్, పొద్దున ఎనిమిదింపావు. మళ్ళీ 2009 జనవరి 1, మళ్ళీ 2011, మధ్యాహ్నం. రోజుకి మూడు, నాలుగు. కరెంటు పోయినన్ని సార్లు.

ఆ సాయంత్రం మామకి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మరి గా పద్నాలుగు బస్తాలు?" అన్నాడు. "అవి నాకు తెల్వదు మామా. కంప్యూటర్ల మాత్రం తప్పు చెయ్యలే. తప్పు నాది" అన్నాను. "ఇప్పుడు తవ్వి ఏం చేస్తవ్" అని టీవీ సౌండు పెంచాడు. బస్తాల లెక్క ఈ రోజుకీ తేలలేదు. ప్రోగ్రామ్‌లోనే తప్పుందేమోనని నేను రెండు రోజులు కోడ్ వెతికాను. దొరకలేదు. లేదని కూడా చెప్పలేను, రాసింది నేనే కాబట్టి.

మర్నాడు ఆఫీసు కాల్‌లో మా రిపోర్టు మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఫిక్స్ చెయ్యడానికి పట్టింది ఒక పూట.

వాడి జాడ కనుక్కోవడం కష్టం కాలేదు, ఊరు చిన్నదే. బస్టాండు వైపు మొబైళ్ళు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. వెళ్ళడానికే నాకు మూడు వారాలు పట్టింది. రెండు సార్లు ఆ రోడ్డు మీదుగా బండి ఆపకుండా వెళ్ళిపోయాను.

మూడోసారి ఆగాను. గుర్తుపట్టాడు. "రాండ్రి అన్నా" అని స్టూల్ తుడిచి వేశాడు. ఒక ఫోన్ విప్పి పెట్టుకుని ఉన్నాడు. దాంట్లోంచి తల ఎత్తకుండానే విన్నాడు. నేను సిస్టమ్, సబ్జెక్ట్, ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ అని ఏవేవో చెప్పుకుపోయాను. సారీ అన్న మాట ఎక్కడో మధ్యలో వచ్చింది, అంత బాగా రాలేదు.

"ఆ ఫైలు గురించి నీకెట్ల తెలిసింది?" అన్నాను.

"రోజు రాత్రి నల్ల డబ్బా ఒకటి తెరుచుకుని మూసుకునేటిది గదా... మొదట్ల మీరు పెట్టినప్పుడు. ఏందో అని చూసిన. రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ అన్న, తెరుచుకుంది. ఒక లైను రాసి సేవ్ అన్న, అయింది. తారీకు కాడ కొడ్తె వద్దు అంటది, ఇండ్ల వద్దు అంటలేదు. మీరు చేసిన ప్రోగ్రామే గదన్నా, వద్దనుకుంటె మీరు కానియ్యరు గదా అనుకున్న."

"మరి లైను మళ్ళ ఎందుకు తీసేసినవ్?"

"పనైపాయె గదా. రోజు రోజు ఎందుకని."

మామకి ఆ రోజు ఇదంతా ఎందుకు చెప్పలేదని అడగాలనిపించింది. అడగలేదు. చెబితే వినేవాళ్ళు అక్కడెవరున్నారు? కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఫోన్‌లోకి చూస్తున్నాను.

కాసేపు స్క్రూలు బిగించాడు. తర్వాత, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "ఆ బ్యాటరీ మార్చిండ్రా అన్నా తర్వాత?"

"లేదు" అన్నాను. "మొన్న చూసిన. ఇప్పటికీ రెండువేల తొమ్మిదే."

సొరుగు లాగి, బిళ్ళ బ్యాటరీల పట్టీ లోంచి ఒకటి చింపి కౌంటర్ మీద పెట్టాడు. "ముప్పై" అన్నాడు.

జేబులో చిల్లర లేదు. ఫోన్‌పే చేశాను.